నిప్పుకోడి పిల్లకు కడుపునొప్పి!

నిప్పుకోడి... ఆ పేరు పెట్టిందెవరో గానీ గట్టివాళ్లే! నిప్పు కణికల్ని మింగినా ఇట్టే అరాయించుకుంటుందని పూర్వం జనం నమ్మేవారు. ఎర్రగా కాలిన ఇనుప ముక్కను మింగినా దానికేమీ కాదని అరబ్బుల పాత పుస్తకాల్లోనూ రాశారు. నమ్మకం సంగతి అటుంచితే, రాళ్లూ మేకులూ గాజు పెంకులూ... కనపడిందల్లా మింగే అలవాటు మాత్రం దానికి నిజంగానే ఉంది. పళ్లు లేవు కాబట్టి మేతను నూరుకోవడానికి గులకరాళ్లు మింగి పొట్టలో దాచుకుంటుంది.

అంతటి జీర్ణశక్తి ఉన్న పక్షికి పుట్టిన పిల్ల, గుడ్డులోంచి బయటికొచ్చిన రెండు వారాలకే పొట్ట ఉబ్బి, విరేచనాలు పట్టుకుని, మూలకు ముడుచుకుని చచ్చిపోతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ప్రపంచంలో నిప్పుకోళ్ల పెంపకానికి పుట్టినిల్లయిన దక్షిణాఫ్రికాలో రైతుల్ని ఏళ్ల తరబడి ఏడిపిస్తున్న సమస్య అదే. దానికి మందు మాత్రలూ సూదిమందుల్లో కాదు, కంటికి కనిపించని మంచి బ్యాక్టీరియాలో ఉందేమోనని శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. మనం పెరుగన్నం తిన్నప్పుడల్లా కడుపులోకి పంపే సూక్ష్మజీవుల కుటుంబానికి చెందినవే కొన్ని ఈ ప్రోబయోటిక్స్‌లోనూ ఉంటాయి.

ఈకల ఊరు

దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ రాష్ట్రంలో ఔట్స్‌హోర్న్ అనే ఊరుంది. చుట్టూ కొండలు, మధ్యలో క్లెయిన్ కరూ అనే పొడి నేల. వర్షం తక్కువ, ఎండ ఎక్కువ. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇక్కడి రైతులు నిప్పుకోళ్లను పట్టి పెంచడం మొదలుపెట్టారు. అప్పట్లో యూరప్ సంపన్న మహిళల టోపీల మీద నిప్పుకోడి ఈక ఉండటం గొప్ప ఫ్యాషన్. 1913 నాటికి బంగారం, వజ్రాలు, ఉన్ని తర్వాత ఆ దేశం నుంచి ఎక్కువగా ఎగుమతయిన సరుకు ఈకలే! ఆ డబ్బుతో కట్టిన రాతి భవనాలు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి. 1914లో యుద్ధం వచ్చింది, ఫ్యాషనూ మారింది. ఈకల ధర ఒక్కసారిగా కుప్పకూలింది. ఎందరో రైతులు దివాలా తీశారు.

తర్వాతి కాలంలో తోలు, మాంసం ఆ వ్యాపారాన్ని మళ్లీ నిలబెట్టాయి. చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ తోలుతో ఖరీదైన బ్యాగులూ బూట్లూ చేస్తారు. మాంసంలో కొవ్వు తక్కువని యూరప్‌లో గిరాకీ. అయితే ఈ వ్యాపారానికి ఎప్పుడూ ఏదో ఒక గండం. 2011లో బర్డ్ ఫ్లూ సోకడంతో వేల సంఖ్యలో పక్షుల్ని చంపేయాల్సి వచ్చింది. యూరప్‌కు పచ్చి మాంసం ఎగుమతి ఆగిపోయింది. అలాంటి గండాలు ఎప్పుడో గానీ రావు. పిల్లలు చచ్చిపోవడం మాత్రం ఏటా ఉండేదే.

ఎంత దారుణంగా అంటే... 1999-2000 సీజన్లో పుట్టిన 2522 పిల్లల లెక్కను అక్కడి శాస్త్రవేత్తలు తీశారు. తొంభై రోజులు గడిచేసరికి 1978 పిల్లలు పోయాయి. అంటే నూటికి 78! అన్ని ఫారాల్లో, అన్ని సంవత్సరాల్లో పరిస్థితి అంత ఘోరంగా ఉండదనుకోండి. కానీ మొదటి మూడు నెలల్లో పిల్లల్లో పెద్ద వాటా పోవడం అక్కడ మామూలే. ఒక పిల్ల అమ్మకానికి రావాలంటే పది నెలల నుంచి ఏడాది దాకా మేపాలి. ఆదిలోనే హంసపాదు పడితే రైతు ఇంకేం లెక్క వేసుకుంటాడు?

తండ్రి దగ్గరుంటే ఆ కథే వేరు

దీనికి కారణం తెలియాలంటే ముందు అడవిలో ఏం జరుగుతుందో చూడాలి. అక్కడ మగపక్షి నేలలో గుంత చేస్తుంది. నాలుగైదు ఆడపక్షులు అందులోనే గుడ్లు పెడతాయి. పగలు ఆడపక్షి, రాత్రి మగపక్షి వంతులవారీగా పొదుగుతాయి. సుమారు 42 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆ తర్వాత వాటిని వెంటేసుకుని తిరిగే బాధ్యత ఎక్కువగా తండ్రిదే. ఎండ కాస్తే రెక్క గొడుగవుతుంది, చలేస్తే దుప్పటవుతుంది.

ఈ పిల్లలు మొదటి రోజుల్లో చేసే ఒక పని మనకు రోతగా అనిపిస్తుంది. పెద్దపక్షుల పెంటను పొడుచుకు తింటాయి. అది పాడు అలవాటేం కాదు. పెద్దవాటి పేగుల్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఆ పెంట ద్వారా అవి పిల్ల కడుపులోకి చేరతాయి. మన ఇంట్లో పాలకు తోడు వేయడానికి నిన్నటి పెరుగు స్పూనుడు ఉంచుకుంటాం చూడండి... అచ్చం అలాగన్నమాట. నిన్నటి తరం పెట్టిన తోడుతోనే కొత్త కడుపు కుదురుకుంటుంది.

ఆ సూక్ష్మజీవుల అవసరం నిప్పుకోడికి మిగతా కోళ్లకన్నా ఎక్కువ. నాటుకోడి గింజలూ పురుగులూ తిని బతికేస్తుంది. నిప్పుకోడిది గడ్డీ ఆకులూ తినే కడుపు. పీచును ఏ పక్షీ తనంతట తాను అరిగించుకోలేదు. ఆ పని పేగుల్లోని బ్యాక్టీరియా చేసిపెట్టాలి. అందుకే దాని పెద్దపేగు చిన్నపేగు కన్నా పొడవు. మన ఆవు ముందరి పొట్టలో చేసే పనిని ఇది వెనకాల పేగులో చేస్తుంది. పెద్ద పక్షికి కావలసిన శక్తిలో గణనీయమైన భాగం అక్కడ జరిగే పులియబెట్టడం నుంచే వస్తుంది. కానీ పిల్ల పుట్టేటప్పుడు ఆ పేగు దాదాపు ఖాళీ ఇల్లు. అందులో ఎవరు ముందు దిగుతారన్నదే అసలు ప్రశ్న.

ఫారంలో ఏం జరుగుతుంది? గుడ్డు పెట్టిన రోజే తీసేస్తారు. అలా తీస్తేనే పక్షి ఇంకా ఇంకా గుడ్లు పెడుతుంది. గుడ్డును మందు నీళ్లతో శుభ్రం చేసి, ఇంక్యుబేటర్‌లో పెడతారు. ఆ యంత్రాన్నీ క్రిములు లేకుండా కడుగుతారు. ఇదంతా అవసరమే, లేకపోతే గుడ్లు కుళ్లిపోతాయి. కానీ చెడ్డ క్రిముల్ని అడ్డుకునే ప్రయత్నంలో మంచివీ ఆగిపోతాయి. పిల్ల కళ్లు తెరిచేసరికి చుట్టూ అమ్మా లేదు, నాన్నా లేదు. తనలాంటి పిల్లలు పదుల సంఖ్యలో ఉంటాయి. కరెంటు బల్బు వెచ్చదనం ఉంటుంది. తోడు వేసేవాళ్లు మాత్రం లేరు. ఆ ఖాళీ ఇంట్లోకి ముందుగా దూరేది నేల మీద, నీళ్ల గిన్నెలో ఉన్న ఏ ఈ-కొలై క్రిమో, క్లాస్ట్రీడియమో అయితే ఇక అంతే సంగతులు.

చిన్నప్పుడు మా వీధిలోకి గంపలో రంగురంగుల కోడిపిల్లలు అమ్మొచ్చేవి. గులాబీ రంగు, ఆకుపచ్చ, పసుపు... ఏడ్చి మరీ కొనిపించుకునేవాళ్లం. అట్టపెట్టెలో గుడ్డపేలికలు పరిచి, నూకలు చల్లి, రాత్రంతా కాపలా కాసినా మూడోనాటికి ఒక్కటీ మిగిలేది కాదు. అవి హేచరీ పిల్లలని, వాటికి వెచ్చదనం చాలలేదని, తల్లిని ఎన్నడూ చూడలేదని అప్పుడు మాకేం తెలుసు? పక్కింటి నాటుకోడి మాత్రం పెంటకుప్ప మీద పది పిల్లల్ని వెంటేసుకుని దర్జాగా తిరుగుతుండేది. ఆ కుప్పను కాళ్లతో గీకి పిల్లలకు అది ఏం తినిపిస్తోందో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది.

కిటికీలోంచి కర్చీఫ్

ఈ రహస్యాన్ని శాస్త్రలోకం గట్టిగా పట్టుకుంది 1973లో. దానికి రెండేళ్ల ముందు ఫిన్లాండ్‌లో కోళ్ల ఫారాల్లో సాల్మొనెల్లా అనే క్రిమి విజృంభించింది. నుర్మి, రంటాలా అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడి పేగుల్లోని పదార్థాన్ని తీసి, అప్పుడే పుట్టిన కోడిపిల్లలకు ఇచ్చారు. ఆ తర్వాత సాల్మొనెల్లాను ఎక్కిస్తే చాలా పిల్లలకు అది అంటుకోలేదు! మందు లేదు, టీకా లేదు. పేగుల్లో జాగా అప్పటికే నిండిపోయింది, అంతే.

ఇది మనకు తెలియని సూత్రమేం కాదు. పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం అందరం చూసిందే. మంచి బ్యాక్టీరియా చేసేదీ అదే. పేగు గోడ మీద సీట్లు ముందే ఆక్రమించుకుంటాయి. వచ్చిన ఆహారాన్ని తామే తినేస్తాయి. లాక్టోబాసిల్లస్ లాంటివైతే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి చుట్టుపక్కల పులుపెక్కిస్తాయి. పెరుగు పుల్లబడేది కూడా దీనివల్లే. ఆ పులుపులో చాలా రకాల చెడ్డ క్రిములు ఎదగలేవు. వాటిని చంపే పదార్థాల్ని విడుదల చేసే రకాలూ ఉన్నాయి.

పులిసిన పాలలోని బ్యాక్టీరియా మనిషికి మేలు చేస్తుందని ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లోనే రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికోవ్ వాదించాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన పరిశోధనలకు 1908లో నోబెల్ అందుకున్న పెద్దమనిషి ఆయన. తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యానికి మేలుచేసే బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్ అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు నిర్వచించారు. ఆ వాక్యంలో 'బతికున్న', 'తగినంత' అనే రెండు మాటలే కీలకం. అవి ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చూద్దాం.

చచ్చిన పిల్ల చెప్పిన సాక్ష్యం

నిప్పుకోడి పిల్ల కడుపులో అసలేం జరుగుతోందో ఔట్స్‌హోర్న్‌లోని ప్రభుత్వ పరిశోధన ఫారంలోనే చూశారు. స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలతో కలిసి పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి వారాల తరబడి గమనించారు. చనిపోయిన వాటి పేగుల్నీ, బతికున్న వాటి పేగుల్నీ పక్కపక్కన పెట్టి, వాటిలోని బ్యాక్టీరియా డీఎన్‌ఏను చదివారు. 2020లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

ఆరోగ్యంగా ఉన్న పిల్ల కడుపు సంతలా ఉంది. రకరకాల బ్యాక్టీరియా, ఎవరి పని వారిది. పేగు వాపుతో చనిపోయిన పిల్ల కడుపులో ఆ వైవిధ్యం ఘోరంగా పడిపోయింది. కొన్ని రకాలే రౌడీల్లా రాజ్యమేలుతున్నాయి. పీచును పులియబెట్టే మంచి కుటుంబాలు తగ్గిపోయాయి. ఇంకో విషయం ఏమిటంటే, ఈ తేడా చివరి రోజున వచ్చింది కాదు. చావుకు కొన్ని వారాల ముందే కనిపించింది. అంటే పిల్ల నీరసపడిన రోజున మందు వెతకడం ఆలస్యమైనట్టే. మొదటి రోజుల్లో ఎవరు సీట్లు పట్టారన్నదాన్ని బట్టే చాలావరకు తర్వాతి కథ నడుస్తోంది.

2023లో అదే వరసలో ఇంకో పరిశోధన వచ్చింది. ఈసారి పిల్లలకు నేరుగా పెద్దపక్షుల పెంటను తినిపించి చూశారు. వాటి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది. మామూలుగా వారాలు పట్టే ఎదుగుదల త్వరగా వచ్చేసింది. అడవిలో తండ్రి వెనక నడిచే పిల్ల చేసే పని వృథా కాదని తేలింది.

అలాగని ఫారంలో పెంట చల్లితే సరిపోతుందా అంటే... కుదరదు. పెద్దపక్షి పేగులో మంచివాటితో పాటు సాల్మొనెల్లా, నులిపురుగులు, ఇతర రోగాలూ ఉండొచ్చు. వందల పిల్లలున్న చోట అది కొరివితో తల గోక్కోవడమే. అందుకే రోగకారకాలు లేకుండా విడిగా పెంచిన మేలురకం సూక్ష్మజీవుల్ని పొడి రూపంలోనో, ద్రవంగానో ఇస్తున్నారు. లాక్టోబాసిల్లస్, ఎంటరోకాకస్, బాసిల్లస్ సబ్టిలిస్, ఈస్ట్ వీటిలో ముఖ్యమైనవి.

పొట్లం కొంటే సరిపోదు

ఇక ఇందాక చెప్పుకున్న 'బతికున్న', 'తగినంత' అనే మాటల దగ్గరికి వద్దాం. ఫారాల్లో ప్రోబయోటిక్స్ పనిచేయలేదని చెప్పే చాలాచోట్ల అసలు సంగతి ఈ రెండింటిలోనే ఉంటుంది.

మొదటిది, సమయం. పుట్టిన మొదటి రోజు నుంచే ఇవ్వాలి. చెడ్డ క్రిములు కాపురం పెట్టేశాక ఇస్తే వాటిని ఖాళీ చేయించడం కష్టం. రెండోది, నీళ్లు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లలో కలిపితే క్లోరిన్ వాటిని అక్కడికక్కడే చంపేస్తుంది. మరీ వేడి నీళ్లయినా అంతే. మేతను గుళికలు చేసేటప్పుడు పుట్టే వేడికి లాక్టోబాసిల్లస్ తట్టుకోలేదు. బాసిల్లస్ రకాలు గట్టి కవచంలో నిద్రపోతాయి కాబట్టి తట్టుకుంటాయి. మూడోది, యాంటీబయోటిక్స్. పొద్దున యాంటీబయోటిక్, సాయంత్రం ప్రోబయోటిక్ ఇవ్వడమంటే ఒక చేత్తో విత్తనం చల్లి ఇంకో చేత్తో కలుపుమందు కొట్టడమే. నాలుగోది, కొనసాగింపు. చాలా రకాలు పేగుల్లో శాశ్వతంగా ఉండిపోవు. ఒకరోజు ఇచ్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

ఇవన్నీ పాటించినా ఫలితం అన్నిచోట్లా ఒకేలా రావడం లేదు. కోళ్ల కోసం తయారైన బ్యాక్టీరియా నిప్పుకోడి పేగులో కుదురుకోవాలని లేదు. దాని కడుపు తీరు వేరని చెప్పుకున్నాం కదా. దాని పేగులోంచే తీసిన రకాలైతే బాగా పనిచేస్తాయన్న ఆలోచన అందుకే వచ్చింది.

పైగా పిల్లల చావులన్నింటికీ పేగు వాపే కారణం కాదు. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన సంచి కరగడానికి రెండు వారాల దాకా పడుతుంది. బొడ్డు సరిగా మూసుకోకపోతే అందులో చీము పడుతుంది. చలి వేస్తే మేత అరగదు. బెదిరిన పిల్ల ఇసుకో, పొడవాటి గడ్డిపోచలో అతిగా మింగి పొట్టలో అడ్డం పెట్టుకుంటుంది. కోళ్ల మేతలో కలిపే మొనెన్సిన్ అనే మందు నిప్పుకోళ్లకు విషం. ఈ తప్పులు చేసి, ప్రోబయోటిక్ పొట్లం విప్పితే అదేం చేస్తుంది? వెచ్చటి పొడి నేల, బొడ్డుకు అయోడిన్, శుభ్రమైన నీళ్లు, తక్కువ పిల్లల గుంపు, లేత లూసర్న్ గడ్డి... ఇవి ఉన్నచోటే మంచి బ్యాక్టీరియాకూ మనుగడ. దక్షిణాఫ్రికాలో కొందరు రైతులు పిల్లల్ని పెద్దపక్షుల జంటకు దత్తతిచ్చి పెంచుతున్నారు. అది పాత పద్ధతే. వెచ్చదనం, నడక, తోడు... మూడూ ఒకచోటే దొరుకుతాయి.

మనకేమిటి సంబంధం?

ఆఫ్రికా పక్షి గోల మనకెందుకనిపించవచ్చు. నిజానికి అది ఒకప్పుడు మన పక్షే! రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పాత గుడ్డు పెంకుల డీఎన్‌ఏను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించి, సుమారు 25 వేల ఏళ్ల కిందట ఇక్కడ నిప్పుకోళ్లు తిరిగాయని 2017లో తేల్చారు. ప్రకాశం జిల్లాలో సుమారు 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో బరోడా ఎంఎస్ విశ్వవిద్యాలయ పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. అక్కడ పొదిగిన పిల్లలు కూడా తండ్రి వెనకే నడిచి, దాని పెంటే పొడుచుకుని ఉంటాయి.

దగ్గరి చుట్టం ఈము కథ మనకింకా బాగా గుర్తు. 2000ల్లో తెలుగు జిల్లాల్లో ఎందరో రైతులు అప్పులు తెచ్చి ఈము జతలు కొన్నారు. నూనె, తోలు, మాంసం... అన్నీ బంగారమేనన్నారు. 2012 నాటికి కొనేవాళ్లు లేక, మేపలేక పక్షుల్ని వదిలేసినవాళ్లూ ఉన్నారు. పిల్లల్ని బతికించడం ఎంత ముఖ్యమో, అవి పెరిగాక కొనేవాడుండటమూ అంతే ముఖ్యమని అది నేర్పిన పాఠం. ఏ ప్రోబయోటిక్కూ మార్కెట్‌ను పుట్టించలేదు.

ఇక ప్రోబయోటిక్స్ అన్న మాట భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు కొత్తేం కాదు. చెరువుల్లో వాడుతూనే ఉన్నారు. కోళ్ల ఫారాల్లోనూ వాడకం ఉంది. కోళ్లూ పశువులూ త్వరగా బరువెక్కడానికి మేతలో యాంటీబయోటిక్స్ కలపడాన్ని యూరప్ 2006 జనవరి నుంచి నిషేధించింది. మనదేశంలో కొలిస్టిన్ అనే మందును ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకూడదని 2019లో ఆదేశాలొచ్చాయి. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆస్పత్రిలో చివరి ఆయుధంగా వాడేది అదే మరి! కోడిపిల్లకు అవసరం లేకుండా వేసిన మందు వల్ల మొండికేసిన క్రిమి, రేపు మన ఇంట్లో పసిబిడ్డ జ్వరం దగ్గరికి రావచ్చు. అందుకే మందు లేకుండా పిల్లను బతికించే దారి ఎక్కడ కనిపించినా, అది ఎడారి పక్షి కడుపులో కనిపించినా, మనకు పనికొచ్చేదే.

నిప్పుల్ని మింగి అరాయించుకునే పక్షని పేరు పెట్టుకున్నాం. ఆ కడుపు మాత్రం పుట్టుకతో రాదు. పెద్దలు తోడు వేస్తేనే వస్తుంది. పెద్దల్ని దూరం చేసి పెంచుతున్నప్పుడు ఆ తోడేదో మనమే వేయాలి... అదీ మొదటి రోజునే!